రాయగడ డిజైర్ కేసు: 62 వేల పాత ఇంజనా, 93 వేల రిపేరా

పాడైన ఇంజన్‌ని బాగుచెయ్యాలా, పాత ఇంజన్ కొని వెయ్యాలా అని నా షెడ్డులో తేల్చిన కేసు ఇది. బండి 2014 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్, పసుపు బోర్డు, ఓడీ-18 నంబరు. మీటరు 2,60,000 కిలోమీటర్లు దాటింది. ఓనరు రాయగడలోనే ఉంటాడు, మన తెలుగాయనే, తనే నడుపుకుంటాడు, అవసరమైతే ఒక డ్రైవర్‌ని పెడతాడు. ఆదివారాలు మజ్జిగౌరమ్మ గుడికి పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చేవాళ్ళని తిప్పుతాడు. మిగతా రోజుల్లో ఎక్కువగా ఆసుపత్రి కిరాయిలు, లక్ష్మీపూర్, కొరాపుట్ నుంచి పేషంట్లని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళి తేవడం. అంటే బండి బతుకులో సగం ఘాట్ రోడ్డే.

2025 వానాకాలంలో కొరాపుట్ నుంచి వస్తుంటే 326 హైవే మీద, లక్ష్మీపూర్ ఇవతల, రేడియేటర్ కింది హోస్ చీలింది. బండిలో పేషంటు ఉన్నాడు, డ్రైవర్ ఆపి వాగు నీళ్ళు పోసి మళ్ళీ లాగాడు, అవి కారిపోయాక మళ్ళీ పోశాడు, అలా రాయగడ దాకా తెచ్చాడు. డ్రైవర్‌ని నేను తిట్టను. చీకటిపడే వేళ ఆ ఘాట్‌లో, వెనక సీట్లో జ్వరంతో మనిషి ఉంటే నేనైనా అదే చేసేవాణ్ణేమో. మర్నాడు స్టార్ట్ చేస్తే ఒకటే మిస్సింగ్, వెనకాల తెల్లపొగ, కూలెంట్ డబ్బాలో బుడగలు. ఆయిల్ మూత తీస్తే గుప్పుమని గాలి, మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం కదా, అది.

షెడ్డుకి బండి కంటే ముందు ఓనరు బావమరిది ఫోన్ వచ్చింది. "మేస్త్రీ, విప్పొద్దు. గాజువాక ఆటోనగర్‌లో తెలిసినాయన దగ్గర ఇదే ఇంజన్ ఉంది, 80 వేలే తిరిగిందట, 62 వేలకి ఇస్తాడట. దించి ఎక్కించేస్తే నాలుగు రోజుల్లో బండి రోడ్డు మీద ఉంటుంది." ఓనరు పక్కనే ఉన్నట్టున్నాడు, "బావ చెప్పింది నిజమేనా అన్నయ్యా?" అని వెనక నుంచి అడగడం వినిపించింది. నిజమో కాదో అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవడానికి రెండు పనులు ఉన్నాయి, ముందు మన ఇంజన్‌లో ఏం పోయిందో కొలవాలి, తర్వాత ఆ ఇంజన్‌లో ఏం ఉందో కొలవాలి. చాలామంది మొదటిది సగం చేస్తారు, రెండోది అసలు చెయ్యరు, ధరలు మాత్రం పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం కూడా అదే.

ఇంజన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే నిర్ణయం దాని మీద ఆధారపడి ఉంది. ఇది ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, మారుతిలో దీన్నే డీ13ఏ అంటారు. బ్లాకు (సిలిండర్లు ఉండే కింది భాగం) ఇనుము, దాని మీద మూతలా కూర్చునే హెడ్ అల్యూమినియం, వాల్వుల టైమింగ్‌కి బెల్టు కాదు చైను. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, ఇలా ఒకప్పుడు సగం దేశం దీని మీదే తిరిగింది. అందుకే పాత ఇంజన్లు దొరుకుతాయి. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ ఆపేసింది. అంటే ఇవాళ మార్కెట్‌లో కనిపించే ఏ డీ13ఏ అయినా తక్కువలో తక్కువ అయిదేళ్ళ పాతది, మామూలుగా పదేళ్ళది. "80 వేలే తిరిగింది" అన్నమాట పదేళ్ళ డీజిల్ బండి గురించి ఎవరైనా అంటే నేను నవ్వి ఊరుకుంటాను. డీజిల్ కొన్నవాడు తిప్పడానికే కొంటాడు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇంజన్ పేరు ఒకటే అయినా అన్నీ ఒకటి కావు. డిజైర్‌లో ఉండేది 75 హార్స్‌పవర్ రకం, ఎర్టిగా, సియాజ్‌లలోది 90 రకం, టర్బో వేరు, ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వేరు. టాటా బండ్లలోది తెస్తే సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి), బ్రాకెట్లు, వైరింగ్ తేడా వస్తాయి, మనవి విప్పి దానికి వేసుకుంటూ కూర్చోవాలి. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మారిస్తే వాటి మీద ఉండే కోడ్ స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి. "అదే ఇంజన్" అని ఫోన్‌లో చెప్పేవాళ్ళకి ఇవన్నీ తెలియవు, తెలిసినా చెప్పరు.

సరే, మన బండి. హెడ్ విప్పకముందే చెయ్యాల్సినవి చేశాం. గ్లో ప్లగ్ (చలిలో స్టార్ట్ అవడానికి వేడి చేసేది) రంధ్రంలో గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూస్తే ఒకటో సిలిండర్ 26 బార్, రెండు 19, మూడు 15, నాలుగు 25. ఆరోగ్యంగా ఉన్న ఈ ఇంజన్లు నా గేజ్ మీద 25 పైన చూపిస్తాయి. అంటే రెండు సిలిండర్లు బాగానే ఉన్నాయి, పక్కపక్కన ఉన్న రెండు మాత్రం దెబ్బతిన్నాయి. పక్కపక్కవే పోయాయంటే ముందు హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానం రావాలి, రెండిటి మధ్య గోడ దగ్గర అది కాలిపోతుంది. కానీ గాస్కెట్ ఒక్కటే అయితే రెండూ ఒకేలా పడాలి కదా, మూడోది ఇంకా కిందికి ఎందుకు వెళ్ళింది?

దీనికి జవాబు కంప్రెషన్ గేజ్ చెప్పదు, లీక్ డౌన్ పరీక్ష చెబుతుంది. పిస్టన్‌ని పైకి తెచ్చి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) తిరక్కుండా పట్టి, కంప్రెసర్ గాలి సిలిండర్లోకి వదిలి ఎక్కడి నుంచి బయటికొస్తోందో వినాలి. రెండో సిలిండర్‌కి గాలి పెడితే కూలెంట్ డబ్బాలో బుడగలు, ఆయిల్ మూత దగ్గర మామూలు శబ్దమే. మూడో సిలిండర్‌కి పెడితే బుడగలూ వచ్చాయి, ఆయిల్ మూత దగ్గర బుస్సుమని గాలీ వచ్చింది. గాలి కిందికి దిగుతోందంటే రింగుల పక్క నుంచే. అంటే మూడో బోరు, సిలిండర్ లోపలి గోడ, గీసుకుపోయింది. హీట్ ఎక్కినప్పుడు పిస్టన్ ఉబ్బి గోడని పట్టేసింది. ఇక్కడితో "హెడ్ ఫేసింగ్ కొట్టించి (అడుగు చదునుగా గీయించి) గాస్కెట్ వేసేద్దాం, 28 వేలలో అయిపోతుంది" అనే దారి మూసుకుపోయింది. ఆ పని చేసేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు, బండి నడుస్తుంది కూడా, కొన్ని నెలలు. తర్వాత ఆయిల్ తాగుతుంది, అప్పుడు మళ్ళీ ఇంజన్ దించాలి. ఆ 28 వేలూ నీళ్ళపాలు.

ఇక ఇంజన్ బోరుకొచ్చిందని తేలింది కాబట్టి బావమరిది మాటకి బలం వచ్చింది. బోరుకొచ్చిన ఇంజన్‌కి మార్పే మేలని ఊరంతా అంటుంది. నేను ఓనర్ని ఒక్కటే అడిగాను, సంపు విప్పి క్రాంక్ చూసేదాకా ఆగమని. ఎందుకంటే నా లెక్కలో బోరు పోవడం పెద్ద విషయం కాదు, ఇనప బ్లాకు కాబట్టి స్లీవ్ (బోరులోకి దింపే కొత్త గొట్టం) కొట్టించుకోవచ్చు. క్రాంక్ పోతేనే కథ మారుతుంది. ఈ చిన్న డీజిల్ ఇంజన్లలో క్రాంక్ గ్రైండింగ్ జోలికి నేను పోను, చేయించినవి తిరిగి శబ్దంతో రావడం చూశాను.

సంపు దించాం. అడుగున లోహపు పొడి లేదు, మెత్తటి నల్ల మడ్డి మాత్రం ఉంది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగ్‌లలో మూడోది అరిగి రాగి రంగు తేలింది, మిగతావి బూడిద రంగులోనే ఉన్నాయి. క్రాంక్ జర్నల్స్ (బేరింగ్‌లు కూర్చునే చోట్లు) మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలిస్తే తేడా 0.01 మిల్లీమీటరు లోపే, గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగల్లేదు. క్రాంక్ బతికింది. తర్వాత హెడ్ విప్పితే మూడో బోరులో నిలువు గీతలు, గోరు ఆగేంత లోతు. మిగతా మూడింటిలో అరుగుదల 0.05 దాటలేదు, ఈ కిలోమీటర్లకి అది తక్కువే.

హెడ్ సంగతే బాగాలేదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే మధ్యలో 0.15 వంగింది. అల్యూమినియం హెడ్ కదా, నీళ్ళు లేకుండా కాగితే వంగకుండా ఎలా ఉంటుంది. పెట్రోల్ ఇంజన్ అయితే ఫేసింగ్ కొట్టించేసేవాణ్ణి. డీజిల్లో హెడ్ అడుగు చదునుగా ఉంటుంది, వాల్వులు ఆ చదును అంచుకే కూర్చుంటాయి, పిస్టన్ దాదాపు తగిలేంత దగ్గరికి వస్తుంది. గీస్తే ఆ సందు తగ్గిపోతుంది. పైగా విజయనగరంలో మెషిన్ షాపు ఆయన ప్రెషర్ టెస్ట్ చేస్తే మూడో సిలిండర్ వాల్వ్ సీట్ల మధ్య నుంచి గాలి బుడగలొచ్చాయి, అంటే చీలిక. హెడ్ పనికిరాదని తేలిపోయింది.

ఇప్పుడు చిత్రం ఇది: బ్లాకు, క్రాంక్ బతికాయి, హెడ్ చచ్చింది, బోర్లకి స్లీవ్ కావాలి. సగం చచ్చిన ఇంజన్. ఇలాంటప్పుడే గొడవ. పూర్తిగా పోతే మార్చేస్తాం, కొంచెమే పోతే బాగుచేస్తాం, మధ్యలో ఉంటేనే ప్రతివాడికీ ఒక అభిప్రాయం.

గాజువాక వెళ్ళి ఆ ఇంజన్ చూశాను. ఓనరు, బావమరిది, నేను, ముగ్గురం. ఇంజన్ బయటికి తళతళలాడుతోంది, డీజిల్‌తో కడిగి సిల్వర్ పెయింట్ కొట్టారు. పెళ్ళిచూపుల్లో మరీ ఎక్కువ పౌడర్ కనిపిస్తే పెద్దవాళ్ళు అనుమానించినట్టే నాకూ అనిపించింది. అమ్మే ఆయన మర్యాదస్తుడే, టీ ఇప్పించాడు, "నెల గ్యారంటీ, ఏమైనా అయితే ఇంకో ఇంజన్ ఇస్తాను" అన్నాడు. ఇంజన్ ఇస్తాడు సరే, దించి ఎక్కించే కూలీ ఎవరిస్తారు, రాయగడ నుంచి గాజువాకకి రెండుసార్లు బండి కిరాయి ఎవరిస్తారు? ఆ మాటకి నవ్వాడు. యార్డు గ్యారంటీ అంటే ఎక్కడైనా ఇంతే, ఇనుముకి ఇనుము. ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, కొనేవాడికి తెలిసి ఉండాలంతే.

ఇంజెక్టర్లు, టర్బో లేకుండా అమ్ముతున్నాడు, ఇంజెక్టర్ రంధ్రాలకి గుడ్డలు కుక్కి ఉన్నాయి. నాకది మంచిదే అయింది, ఎందుకంటే ఈ ఇంజన్లో ఇంజెక్టర్ నిలువుగా సిలిండర్ నడిమధ్యన దిగుతుంది. ఎండోస్కోప్ (సన్నటి కెమెరా) దింపి చూస్తే ఒకటి, రెండు బోర్లలో ఫ్యాక్టరీలో బోరుకి పెట్టే సన్నటి హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, బాగుంది. నాలుగో దాంట్లో గోడ చుట్టూ మధ్య ఎత్తులో తుప్పు పట్టీ. నీళ్ళు నిలబడి ఆరిన గుర్తు అది. యార్డులో వాన పడి ఉండొచ్చు అన్నాడు ఆయన. ఉండొచ్చు. అందుకే రెండో పరీక్ష చేశాను. సన్నటి ఇనప కడ్డీ ఇంజెక్టర్ రంధ్రంలోంచి పిస్టన్ మీదకి దింపి, క్రాంక్ చేత్తో తిప్పుతూ, పిస్టన్ ఎంత పైకి వస్తే అక్కడ కడ్డీ మీద గీత పెట్టాలి. నాలుగు సిలిండర్లకీ గీత ఒకే చోట పడాలి. మూడింటికి పడింది. నాలుగోది మిల్లీమీటరు పైనే కిందికి ఆగిపోయింది.

పిస్టన్ పూర్తిగా పైకి రావడం లేదంటే కనెక్టింగ్ రాడ్ వంగింది. నడుస్తున్న ఇంజన్ నీళ్ళు మింగితే జరిగేది అది, గాలి నలుగుతుంది కానీ నీళ్ళు నలగవు, రాడ్ వంగుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలు మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో ఉన్నాయో అందరం టీవీలో చూశాం. ఆ బండ్ల సామాన్లు ఎక్కడో ఒకచోట తేలాలి కదా. ఈ ఇంజన్ అక్కడిదే అని నేను అనడం లేదు, ఎక్కడిదో చెప్పే కాగితం ఆయన దగ్గర లేదు, అంతే నాకు తెలిసింది. వరద వచ్చిన తర్వాత కొన్నేళ్ళ పాటు ఏ పాత ఇంజన్ కొన్నా ఈ కడ్డీ పరీక్ష చెయ్యకుండా డబ్బు ఇవ్వకండి. దానికి పెద్ద సామాన్లు అక్కర్లేదు, కడ్డీ ఒకటి, మార్కర్ ఒకటి చాలు.

కాగితం మాట వచ్చింది కాబట్టి, సరిహద్దు జిల్లాల వాళ్ళకి ఇది ఇంకాస్త ముఖ్యం. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది, అదే ఆర్సీలో ఉంటుంది. బ్లాకు మారితే ఆర్సీ మారాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం మార్పు జరిగిన 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలి. ఆంధ్రలో కొన్న ఇంజన్ ఒడిశా బండికి వేస్తే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిది, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏమైంది, ఇవన్నీ అడుగుతారు, అడగాలి కూడా. యార్డులో ఇచ్చేది "పాత ఇనుము" అని రాసిన చిత్తు బిల్లు. ఖరీదు 50 వేలు దాటి రాష్ట్రం దాటుతోందంటే ఈ-వే బిల్లు (జీఎస్టీ రవాణా పత్రం) కావాలి, అదీ ఉండదు. సొంతానికి వాడుకునే తెల్లబోర్డు బండి అయితే చాలామంది పట్టించుకోకుండా తిరిగేస్తారు, అదీ తప్పే అనుకోండి, యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ వాడు నంబరు చూసిన రోజు తెలుస్తుంది. పసుపు బోర్డుకి ఆ అవకాశం కూడా లేదు. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండి ఏటేటా ఫిట్‌నెస్‌కి నిలబడాలి, అక్కడ ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరూ చూస్తారు. బావమరిది అప్పటిదాకా ధైర్యంగానే ఉన్నాడు, ఈ విషయం చెప్పాక కొంచెం టెన్షన్ పడ్డాడు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆ యార్డు ఇంజన్ బాగుందనే అనుకుందాం, వాదన కోసం. 62 వేలు ఇంజన్‌కి. కానీ తెలియని ఇంజన్ తెచ్చి అలాగే ఎక్కించే మేస్త్రి ఉంటే ఆయనకో దండం. ఈ ఇంజన్‌కి చైను ప్రాణం, చైను టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది, పాత ఓనరు ఆయిల్ ఎలా మార్చాడో మనకి తెలియదు, చైను తెగితే మళ్ళీ హెడ్ పని. కాబట్టి చైన్ కిట్ 7,500. ముందు కవరు, సంపు, పై కవరు గాస్కెట్లు, సీళ్ళు 3,500. రేడియేటర్, హోసులు, థర్మోస్టాట్ 8,000, ఇవి ఏ దారిలో వెళ్ళినా తప్పవు, ఎందుకంటే ఇంజన్‌ని చంపింది అవే. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 4,500. దించి ఎక్కించే కూలీ 12 వేలు, కిరాయి 5 వేలు. మొత్తం 1,02,500. ఆర్టీవో ఖర్చు ఇందులో కలపలేదు.

మన ఇంజన్ బాగుచేస్తే: నాలుగు బోర్లకీ స్లీవ్‌లు కొట్టి స్టాండర్డ్ సైజుకి హోన్ చెయ్యడానికి 10 వేలు, పిస్టన్లు రింగులు 14 వేలు, మెయిన్, రాడ్ బేరింగ్‌లు 5,500, ఫుల్ గాస్కెట్ సెట్టు, కొత్త హెడ్ బోల్టులు 6,500, చైన్ కిట్ 7,500, పాత హెడ్ ఒకటి కొంటే 16 వేలు, దానికి వాల్వ్ ల్యాపింగ్, సీళ్ళు 4 వేలు, రేడియేటర్ వగైరా అదే 8 వేలు, ఆయిల్ కూలెంట్ అదే 4,500, కూలీ 15 వేలు, విజయనగరం రానూపోనూ 2,500. మొత్తం 93,500.

"62 వేలా, 93 వేలా" అని మొదలైన బేరం, రెండు వైపులా అన్నీ కలిపాక లక్షా రెండు వేలా, 93 వేలా అయింది. ఓనరు ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఒకవైపు ఇంజన్ ధర ఒక్కటే పెట్టి, రెండో వైపు పూర్తి బిల్లు పెట్టి పోల్చడం వల్లే జనం పాత ఇంజన్ చౌక అనుకుంటారు. ఒక్కోసారి చౌకే. ఈ కేసులో కాదు.

చేసిన పని ఏమిటంటే, ఆ యార్డు ఆయన దగ్గరే వేరే ఇంజన్ తాలూకు హెడ్ ఒకటి కొన్నాం. వాల్వులు తెరిచే క్యామ్‌లు ఉండే పై హౌసింగ్ హెడ్‌కి విడిగా ఉంటుంది ఇందులో, రెండూ జతగానే తీసుకున్నాం, ఒకదాని మీద ఒకటి అరిగి కుదిరినవి విడదీయకూడదు. షరతు పెట్టాం, మెషిన్ షాపులో ప్రెషర్ టెస్ట్ పాసయితేనే పూర్తి డబ్బు, లేకపోతే వాపసు. ఒప్పుకున్నాడు. హెడ్‌ని బల్ల మీద పెట్టి నీళ్ళలో ముంచి పరీక్షించొచ్చు, వాల్వు గైడు ఊగుతోందో చూడొచ్చు, వంపు కొలవొచ్చు. పూర్తి ఇంజన్‌ని యార్డులో అలా పరీక్షించలేం, విప్పనివ్వరు. అందుకే పాత సామాను కొనాల్సి వస్తే నేను విడి భాగాల వైపే మొగ్గుతాను. పైగా హెడ్ మీద ఆర్సీలో ఉండే నంబరు ఉండదు, మన బ్లాకు మనదే కాబట్టి ఆర్టీవో పనే లేదు.

స్లీవ్ విషయంలో విజయనగరం షాపు ఆయన ఒక్క మూడో బోరుకే కొట్టి మిగతావి హోన్ చేద్దాం, డబ్బు మిగులుతుంది అన్నాడు. నేను వద్దన్నాను. 0.05 అరిగిన బోర్లో కొత్త రింగులు వేస్తే అవి కూర్చోవడానికి అవస్థ పడతాయి, ఘాట్ మీద నాలుగు సిలిండర్లూ ఒకేలా లాగాలి. ఆయన అన్నది కూడా తప్పని చెప్పలేను, సిటీలో తిరిగే బండి అయితే నేనూ సరే అనేవాణ్ణి.

బిగింపులో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది హెడ్ గాస్కెట్ మందం దగ్గర. ఇందులో గాస్కెట్ ఒకే మందంలో రాదు, పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తోందో డయల్ గేజ్‌తో నాలుగు పిస్టన్ల మీదా కొలిచి, దానికి తగ్గది తీసుకోవాలి, గాస్కెట్ అంచున గుర్తులు ఉంటాయి. పాత గాస్కెట్ మీద ఏ గుర్తుందో చూసి అదే తెచ్చేస్తే కుదరదు, ఎందుకంటే పిస్టన్లు కొత్తవి. షాపు వాళ్ళు చేతికి వచ్చింది ఇచ్చేస్తారు, మనమే అడగాలి. హెడ్ బోల్టులు సాగే రకం, ముందు టార్క్, తర్వాత కోణం లెక్కన తిప్పాలి, పాతవి మళ్ళీ వాడకూడదు. చైను వేసేటప్పుడు క్యామ్‌లని, క్రాంక్‌ని పిన్నులతో లాక్ చెయ్యాలి. పెయింట్ గుర్తులు పెట్టుకుని చేసేవాళ్ళున్నారు, వాళ్ళ చెయ్యి వాళ్ళది, నా దగ్గర పిన్నులున్నాయి. పాత ఇంజెక్టర్లకి వెనక్కి వదిలే డీజిల్ కొలిచే రిటర్న్ లీక్ సీసాలు కట్టి చూశాం, నాలుగూ సమానంగా వదులుతున్నాయి, అవే పెట్టాం. ఇంజెక్టర్లు మన బండివే కాబట్టి కోడింగ్ గొడవ కూడా లేదు.

స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాం. తర్వాత స్టార్ట్ అయింది. మొదట టకటక శబ్దం, వాల్వుల సందు సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి ఆయిల్ ఎక్కేదాకా ఉంటుంది అది, ఓనరు ముఖం చూస్తే జాలేసింది, కాసేపటికి ఆగిపోయింది. ఒక చిన్న లీకు మాత్రం తర్వాత తేలింది, హీటర్ హోస్ క్లిప్పు దగ్గర కూలెంట్ చెమర్చింది, క్లిప్పు మార్చాం.

మొదటి వెయ్యి కిలోమీటర్లు కొరాపుట్ కిరాయి వద్దు, పార్వతీపురం, గుణుపురం వైపు తిప్పుకో అని చెప్పాను. వెయ్యికి ఆయిల్ మార్చాం, సంపు బోల్టు మాగ్నెట్‌కి సన్నటి పొడి అంటుకుంది, కొత్త రింగులకి అది మామూలే. తర్వాతి మార్పుకి అదీ లేదు. గేజ్ పెడితే నాలుగూ 27, 28 మధ్య ఉన్నాయి. ఆయిల్ తాగడం లేదు, మైలేజీ బాగుపడిందని ఓనరు అంటున్నాడు, ఓనర్లు చెప్పే మైలేజీని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

ఇదే బండి విషయంలో నేను ఎప్పుడు మార్పుకి ఒప్పుకునేవాణ్ణంటే, ఒకటి క్రాంక్ గీసుకుపోయినా, రాడ్ బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చినా. రెండు, వెనక నుంచి గుద్దుకుని బాడీ పోయిన డిజైర్ ఒకటి దొరికి, దాని ఇంజన్ ఆ బండిలోనే స్టార్ట్ చేసి, వేడెక్కాక కంప్రెషన్ చూసుకుని, దాని ఆర్సీ రద్దు కాగితాలతో సహా కొనగలిగితే. అలాంటి ఇంజన్ దొరికితే రిపేర్ కంటే నయం, సందేహమే లేదు, కానీ మనకి కావాల్సిన వారంలో అది దొరకదు. పెట్రోల్ అయితే లెక్క వేరు. మారుతి కె12 ఇంజన్‌ది అల్యూమినియం బ్లాకు, పాత ఇంజన్లు విరివిగా దొరుకుతాయి, అక్కడ నేను స్లీవ్‌ల కంటే మంచి పాత ఇంజన్ వెతుక్కోమనే చెబుతాను, కాగితాలతో.

అసలు బండి అమ్మేయొచ్చు కదా అని కూడా ఆలోచించాం. నడిచే స్థితిలో ఆ బండికి ఇక్కడ రెండున్నర లక్షల దాకా వస్తుంది, ఇంజన్ పోయినదానికి లక్ష కూడా రాదు. అప్పు తీరిపోయిన బండి, పర్మిట్ ఉంది, ఇంకొన్నేళ్ళు నడుపుకోవచ్చు. 93 వేలు పెడితే నాలుగేళ్ళు తిండి పెడుతుంది. కొత్తది కొంటే ఈఎంఐ నెలనెలా ఎంతో ఆయనకే తెలుసు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంకో పని మిగిలింది. టర్బో పాతదే, షాఫ్ట్ కొద్దిగా ఊగుతోంది, ప్రస్తుతానికి ఆయిల్ వదలడం లేదు. ఘాట్ దిగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపమని చెప్పాను, ఇంటర్‌కూలర్ పైపు విప్పి ఆయిల్ తడి ఉందేమో సర్వీసు సర్వీసుకీ చూస్తున్నాం. వచ్చే ఫిట్‌నెస్‌కి ముందు దాన్ని రిపేర్ చేయించడమా, మార్చడమా అని బావమరిది ఇప్పటికే ధరలు అడుగుతున్నాడు.